కళ్లకు విశ్రాంతి: అరచేతులా, దీపమా, కిటికీయా?

థకారం కడుపులో ఒక చుక్క ఉంటుంది, ధకారానికి ఉండదు. పది పాయింట్ల అచ్చులో ఆ చుక్క ఆవగింజలో అరవయ్యో వంతు. అది ఉందా లేదా అని చూసుకుంటూ, విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక డీటీపీ సెంటర్లో ప్రూఫులు దిద్దుతూ ఇరవై రెండేళ్లు గడిపాను. పొద్దున పూట ఇబ్బంది ఉండదు. సాయంత్రం నాలుగు దాటిందంటే 'కథ'లన్నీ 'కధ'లైపోతాయి. కళ్లు లాగుతాయి, రెప్పల కింద ఇసుక పోసినట్టుంటుంది, కణతలు పట్టేస్తాయి. టీ తాగొచ్చినా తీరదు.

అందుకే కళ్లకు విశ్రాంతి అంటూ ఎవరు ఏ అభ్యాసం చెప్పినా చేసి చూశాను. అరచేతులతో కళ్లు కప్పుకున్నాను, దీపం చూశాను, పెన్సిల్ పట్టుకున్నాను, ఒకసారి కళ్లజోడే తీసి పక్కన పడేశాను. కొన్ని పనికొచ్చాయి, కొన్ని దేనికీ రాలేదు, ఒకటి మాత్రం నన్ను బర్రె మీదికి తీసుకెళ్లింది. ఆ సంగతి ముందు చెప్పేస్తాను. ఎంపికలో చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే.

## సైటు పోతుందా?

పదేళ్ల కిందట ఒక శిబిరానికి వెళ్లాను. నాది రెండు కళ్లకూ మైనస్ 2.75. ఆరు వారాలు అభ్యాసాలు చేస్తే కళ్లజోడు అక్కర్లేదన్నారు, ఆ ఆరు వారాలూ అసలు పెట్టుకోవద్దన్నారు. రోజూ గోడమీది చార్టు చదివించేవారు. మొదటిరోజు పై రెండు వరుసలే వచ్చాయి. నాలుగో వారానికి అయిదో వరుసకు దిగాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో స్కూటర్ మీద ఇంటికొస్తున్నాను. మసక చీకట్లో రోడ్డుకు అడ్డంగా ఏదో నల్లగా ఉంది. అది బర్రె అని తెలిసేసరికి మధ్యలో మూడు గజాలు మిగిలాయి. మర్నాడు పరీక్ష చేయించుకుంటే నంబరు 2.75 దగ్గరే కూర్చుని ఉంది.

మరి చార్టు ఎలా చదివాను? సగం వరుసలు కంఠతా వచ్చేశాయి. మిగతా సగం మెదడు పుణ్యం. కళ్లజోడు లేకుండా కొన్నాళ్లు తిరిగితే, నంబరు మారకపోయినా, మసకబారిన ఆకారాలను పోల్చుకునే నేర్పు కాస్త పెరుగుతుంది. చార్టుకు ఆ నేర్పు చాలు. బర్రెకు చాలదు.

కళ్లజోడు వదిలించే పద్ధతులన్నిటికీ మూలపురుషుడు విలియం హొరేషియో బేట్స్ అనే న్యూయార్క్ కంటి వైద్యుడు. 1860లో పుట్టి 1931లో పోయాడు. ఆయన 1920లో అచ్చేసిన వాదం ఇదీ: చూపును దగ్గరికీ దూరానికీ సర్దేది కంటిలోపలి కటకం కాదు, కనుగుడ్డు చుట్టూ ఉన్న కండరాలు గుడ్డును నొక్కి దాని ఆకారం మార్చడం వల్ల ఆ సర్దుబాటు జరుగుతుంది, ఆ కండరాలు బిగుసుకోవడమే సైటు, సడలిస్తే అదే పోతుంది. మన దేశంలో ఈ పద్ధతికి పేరు తెచ్చినవారు డాక్టర్ ఆర్. ఎస్. అగర్వాల్, పుదుచ్చేరి అరవిందాశ్రమంలోని కంటి బడి ద్వారా. నేను వెళ్లిన శిబిరం అది కాదు.

బేట్స్ వాదం నిలవదని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. శుక్లాల ఆపరేషన్ అయిన మీ బాబాయినో పెద్దమ్మనో చూడండి. సహజమైన కటకం తీసేసి కృత్రిమ కటకం పెడతారు. మామూలు రకమైతే అది ఉబ్బదు, పలచబడదు. గుడ్డు చుట్టూ ఉన్న ఆరు కండరాలూ మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. సర్దుబాటు పని ఆ కండరాలదే అయితే ఆపరేషన్ తర్వాత దూరం ఎంత బాగా కనిపిస్తుందో పేపరూ అంత బాగా కనిపించాలి. కనిపించదు. వీధి చివర వచ్చేవాణ్ణి గుర్తుపట్టిన మనిషే పేపరు పట్టుకుని కళ్లజోడు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటాడు.

మైనస్ సైటు చాలావరకు గుడ్డు పొడవుకు సంబంధించిన వ్యవహారం. పెద్దవాళ్ల కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు సాగితే రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ వస్తుంది. సాగిన గుడ్డును అరచేతుల వెచ్చదనం వెనక్కి కుదించలేదు. నలభై దాటాక వచ్చే చత్వారం ఇంకో కథ: లోపలి కటకం వయసుతో గట్టిపడి ఉబ్బడం మానేస్తుంది. దాన్ని మెత్తబరిచే వ్యాయామం లేదు.

అలసట సంగతి వేరు. అది రోజూ వచ్చేది, రోజూ పోగొట్టుకోగలిగేది. ఇక్కడ పోలుస్తున్నది ఆ పనికే.

## అభ్యాసం కన్నా ముందు బాధను పట్టుకోండి

'కళ్లు అలిశాయి' అన్న ఒక్క మాట కింద నాలుగు బాధలు దాక్కుని ఉంటాయి. ఒకదాని మందు ఇంకోదానికి పని చెయ్యదు, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది.

తడి ఆరిపోవడం. మంట, ఇసుక గుచ్చినట్టు ఉండటం, ఫ్యాను గాలి తగిలితే నీళ్లు కారడం. మామూలుగా నిమిషానికి పదిహేను సార్ల పైచిలుకు రెప్ప వేస్తాం. తెర ముందు కూర్చుంటే అది సగానికో అంతకన్నా కిందికో పడిపోతుంది, వేసిన రెప్ప కూడా సగంలోనే తిరిగి లేస్తుంది. ఏసీ గదిలో ఈ బాధ రెట్టింపు.

దగ్గర చూపు కండరం అలసిపోవడం. కటకాన్ని ఉబ్బించే సిలియరీ కండరం గంటల తరబడి బిగిసి ఉంటుంది. పేజీలోంచి తలెత్తి వీధిలోకి చూస్తే మొదటి క్షణాలు మసక.

రెండు కళ్లూ కలిసి రాకపోవడం. దగ్గరివి చూడాలంటే రెండు కళ్లూ ముక్కువైపు తిరగాలి. అది చేతకాకపోతే వరుసలు ఒకదాని మీదికొకటి దొర్లుతాయి, అక్షరం రెండుగా కనిపిస్తుంది.

కళ్లది కాని అలసట. మెడ, నిద్రలేమి, పని ఒత్తిడి, మూడేళ్లుగా మార్చని పాత నంబరు. బాధ కళ్లలో తెలుస్తుంది, మూలం ఇంకెక్కడో ఉంటుంది.

ఇంట్లోనే మోటుగా ఒక పరీక్ష చేసుకోవచ్చు. కళ్లు బాగా లాగుతున్న వేళ పది సార్లు నిదానంగా, పూర్తిగా రెప్పలు వాల్చండి. అక్షరం తేటపడితే మొదటి బాధ. కిటికీలోంచి దూరం చూడండి. తేటపడటానికి కొన్ని క్షణాలు పడితే రెండోది. ఒక కన్ను చేత్తో కప్పి చదవండి. హాయిగా ఉంటే మూడోది. మూడింటికీ తేడా తెలియకపోతే రాత్రి ఎన్నింటికి పడుకున్నారో గుర్తు చేసుకోండి.

బాధ తేలాక చూడాల్సినవి ఇంకో మూడు. కూర్చున్న చోటే చేసుకోగలమా లేక చాపా చీకటిగదీ కావాలా? తప్పుగా చేస్తే పోయేది పది నిమిషాల సమయమా, కంటిచూపా? ఆ అభ్యాసం వెనక గట్టి పరీక్ష ఉందా, అనుభవమేనా? నా మటుకు మొదటి ప్రశ్నదే పెద్దపీట. ఎంత మంచి అభ్యాసమైనా ఆఫీసులో నలుగురి ముందు చేయడానికి సిగ్గేస్తే నాలుగో రోజుకు మూలపడుతుంది.

| అభ్యాసం | ఏ బాధకు | సమయం | పనిచోట కుదురుతుందా | జాగ్రత్త |
|---|---|---|---|---|
| దూరం చూడటం | దగ్గర చూపు అలసట | 20 సెకన్లు, పదేపదే | చక్కగా | ఏమీ లేదు |
| నిండుగా రెప్ప వాల్చడం | తడి ఆరడం | అర నిమిషం | ఎవరికీ తెలియదు కూడా | రెప్పలు బిగించకూడదు |
| వెచ్చటి కాపడం | తడి ఆరడం, రెప్పల అంచుల మంట | 5 నుంచి 10 నిమిషాలు | కుదరదు, ఇంట్లోనే | వేడి ఎక్కువ కాకూడదు |
| అరచేతులతో కప్పడం | ఒత్తిడి, కణతలు పట్టేయడం | 2 నుంచి 5 నిమిషాలు | సిగ్గు లేకపోతే | గుడ్డు మీద ఒత్తిడి పడకూడదు |
| త్రాటకం (రెప్ప వేయకుండా దీపం చూడటం) | మనసు చెదరడం | 10 నిమిషాలు | కుదరదు | పొడికళ్లకు పడదు |
| పెన్సిల్ దగ్గరికి తేవడం | రెండు కళ్లూ కలవకపోవడం | రోజుకు 15 నిమిషాలు | కుదురుతుంది | ముందు పరీక్ష చేయించుకోవాలి |

## కిటికీ: పైసా ఖర్చు లేని మందు

20-20-20 సూత్రం వినే ఉంటారు: ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమని. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు జెఫ్రీ యాన్షెల్ అనే అమెరికా కంటి నిపుణుడు. మూడు ఇరవైల్లో మహత్తేమీ లేదు, నోటికి తేలిగ్గా వస్తుందని పెట్టిన అంకెలవి. అడుగుల లెక్కకు మాత్రం అర్థం ఉంది. 20 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకున్న ఫోను చూడటానికి కన్ను 5 డయాప్టర్ల (కటకం బలానికి కొలత, కళ్లజోడు నంబరు కూడా అందులోనే) బలం పెట్టాలి. 40 సెంటీమీటర్లలో పుస్తకమైతే 2.5 చాలు. 6 మీటర్లు, అంటే ఇరవై అడుగులు దాటితే దాదాపు సున్నా. అంతకు మించి ఎంత దూరం చూసినా కండరానికి ఒకటే విశ్రాంతి, కాబట్టి హిమాలయాలు అక్కర్లేదు. ఎదురింటి మేడమీది నీళ్ల ట్యాంకు చాలు.

మా సెంటర్ రెండో అంతస్తు. కుర్చీ కాస్త పక్కకు తిప్పితే గాంధీ కొండ మీది స్తూపం కనిపిస్తుంది. మొదట్లో ఫోనులో అలారం పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలకోసారి అది మోగుతుంటే పక్కన ఆపరేటరు కుర్రాడు రెండో రోజే బతిమాలుకున్నాడు. తర్వాత అలారం మానేసి, పేజీ తిప్పినప్పుడల్లా స్తూపం చూడటం అలవాటు చేసుకున్నాను. చేసే పనికే ముడిపెట్టిన అలవాటు నిలుస్తుంది. కోడ్ రాసేవాళ్లు ఫైలు సేవ్ చేసినప్పుడో, దర్జీ జాకెట్టుకు దారం మార్చినప్పుడో, పరీక్షలకు చదివేవాళ్లు పాఠం మారినప్పుడో తలెత్తవచ్చు.

ఈ అభ్యాసం లోపం కూడా చెప్పాలి. ఇరవై సెకన్లు చాలా తక్కువ. ఆ సమయంలో ఫోను చూశారా, లెక్క సున్నాకొచ్చింది. గంటకోసారి అయిదు నిమిషాలు లేచి తిరగడం నాకు దీనికన్నా బాగా పనిచేసింది, మెడ కూడా బాగుపడింది. లేవనివ్వని ఉద్యోగాలకు కిటికీయే గతి.

నాలాంటి మైనస్ వాళ్లకు ఇంకో సదుపాయం ఉంది. మైనస్ 2.75 కంటికి కళ్లజోడు తీస్తే సుమారు 36 సెంటీమీటర్ల దగ్గర, ఏ బలమూ పెట్టకుండా, అక్షరం తేటగా కనిపిస్తుంది. అంటే కళ్లజోడు తీసి కాగితం ఆ దూరంలో పట్టుకుని చదవడమే కండరానికి విశ్రాంతి. అచ్చు ప్రూఫులు ఇప్పుడు అలాగే దిద్దుతున్నాను. కాకపోతే కుర్చీలోంచి లేచే ముందు జోడు ముక్కు మీదికి రావాలి.

## రెప్ప వాల్చడం

వినడానికి నవ్వులాటగా ఉంటుంది: రెప్పలు వేయడం కూడా నేర్చుకోవాలా? ఎవరినైనా ఫోను చూస్తుండగా పక్కనుంచి గమనించండి. రెప్ప కిందిదాకా రాదు, సగంలో తిరిగి వెళ్తుంది. గుడ్డు కింది భాగం గంటల తరబడి గాలికి ఆరుతూ ఉంటుంది.

పద్ధతి ఇంతే: మెత్తగా మూయండి, రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు మూసి ఉంచండి, తెరవండి. పది సార్లు. కనుబొమలు ముడిచి గట్టిగా మూస్తే లాభం లేదు. మంట మీ ప్రధాన బాధ అయితే అన్నిటికన్నా ముందు దీన్నే ఎంచుకోండి. కంప్యూటరు తెరను కంటి మట్టానికి కాస్త దిగువన పెడితే ఇంకా మంచిది, రెప్ప సహజంగానే కొంత దిగి ఉంటుంది కనుక గాలికి ఆరే జాగా తగ్గుతుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకూ, చలికాలం హీటరు గాలిలో కూర్చునే అమెరికా, కెనడా మనవాళ్లకూ ఇది మరీ అవసరం.

## కాపడం: అమ్మమ్మ కొంగు

కంట్లో నలుసు పడితే మా అమ్మమ్మ చీర కొంగును ఉండచుట్టి, నోటి దగ్గర పెట్టుకుని 'హా' అని వెచ్చగా ఊది, మూసిన కన్ను మీద అద్దేది. మళ్లీ ఊదడం, మళ్లీ అద్దడం. నలుసుకు అది ఏం చేసేదో గానీ ప్రాణం మాత్రం లేచొచ్చేది. ఇప్పుడు కంటి వైద్యులు పొడికళ్లకు చెప్పే వెచ్చటి కాపడం ఆ కొంగుకు దగ్గరి చుట్టమే.

రెప్పల అంచుల్లో ఒక్కోదానికి ఇరవై నుంచి నలభై దాకా నూనె గ్రంథులుంటాయి. ఆ నూనె కన్నీటి మీద పలచని పొరగా పరుచుకుని తడిని ఆవిరి కానివ్వదు. రెప్ప సరిగ్గా పడనివాళ్లలో ఆ నూనె చలికాలం నెయ్యిలా పేరుకుపోతుంది. నెయ్యిని ఏం చేస్తాం? వెచ్చబెడతాం. శుభ్రమైన చేతిగుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకుని, మూసిన రెప్పల మీద వేసుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. అక్కడే చాలామంది 'చేశాం, గుణం లేదు' అంటారు. చల్లారినప్పుడల్లా మళ్లీ ముంచి, మొత్తం అయిదు నుంచి పది నిమిషాలు సాగించాలి. తర్వాత శుభ్రమైన వేలితో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపుగా తేలిగ్గా నిమరాలి.

నాకు అన్నిటికన్నా గుణమిచ్చింది ఇదే, అన్నిటికన్నా విసుగు పుట్టించేదీ ఇదే. రాత్రి భోజనాలయ్యాక రేడియో పెట్టుకుని చేస్తాను. ఎలర్జీ దురదైతే వేడి వద్దు, చల్లటి గుడ్డ వేసుకోండి. రోజ్ వాటర్, తేనె, చనుబాలు లాంటివి కంట్లో పొయ్యకండి. అవి క్రిములు లేకుండా శుద్ధి చేసినవి కావు.

## అరచేతులు

బేట్స్ వాదం తప్పైనా ఆయన చెప్పిన అరచేతుల అభ్యాసంలో సుఖం ఉంది. మోచేతులు బల్ల మీద ఆనించి, అరచేతులను దొప్పల్లా చేసి కళ్ల మీద కప్పాలి. చేతి మడమలు చెంప ఎముకల మీద, వేళ్లు నుదుటి మీద. లోపల కళ్లు మూసి ఉన్నా అరచేయి రెప్పను తాకకూడదు. వెలుతురు పూర్తిగా ఆగిపోవాలి. రెండు మూడు నిమిషాలు నిదానంగా ఊపిరి పీల్చి వదలాలి.

ఏం జరుగుతోంది ఇందులో? వెలుగు ఆగింది, తెర ఆగింది, భుజాలు దిగాయి, ఊపిరి నెమ్మదించింది. కళ్లకన్నా ఎక్కువగా మనిషికి విశ్రాంతి. అందుకే నాలుగో రకం బాధకు, అంటే ఒత్తిడితో కణతలు పట్టేసేవాళ్లకు, ఇది బాగా అతుకుతుంది. మంటకు పెద్దగా పని చెయ్యదు, కళ్లు మూసుకున్నంతసేపూ తడి ఆరకుండా ఉంటుందంతే. పనిచోట దీనికో ఇబ్బంది ఉంది. ఈ భంగిమలో కూర్చుంటే పక్కవాళ్లు 'ఏమైంది, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?' అని అడుగుతారు. నన్ను రెండుసార్లు అడిగారు.

నొక్కడం మాత్రం వద్దు. మూసిన కళ్లను వేళ్లతో వత్తితే రంగు చుక్కలు కనిపిస్తాయి, హాయిగా కూడా ఉంటుంది. ఆ క్షణాన కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుంది. నీటికాసుల జబ్బు (గ్లకోమా) ఉన్నవాళ్లకు అది చేటు. కళ్లు నులుముకునే అలవాటు నల్లగుడ్డు మీది పారదర్శక పొరను పలచబరిచే జబ్బును ముదరబెడుతుంది.

## దీపం

త్రాటకం హఠయోగంలోని షట్కర్మల్లో, అంటే ఆరు శుద్ధి క్రియల్లో, ఒకటి. నేతి, ధౌతి లాంటివాటి సరసన దాన్ని చెబుతుంది హఠయోగ ప్రదీపిక: చిన్న గురిని కదలని చూపుతో కన్నీళ్లు రాలేదాకా చూడమని. మూడు నాలుగు అడుగుల దూరంలో, కంటి మట్టంలో, గాలికి రెపరెపలాడని నేతి దీపం పెట్టుకుని రెప్ప వేయకుండా చూస్తారు.

ఇక్కడ రెండు సంగతులు కలిసిపోయాయి. ఇది మనసును నిలిపే సాధన, ఆ పని బాగా చేస్తుంది. దీపం ముందు పది నిమిషాలు కూర్చున్న రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది. కళ్లకు విశ్రాంతి అని చేస్తే మాత్రం లెక్క తలకిందులు. పగలంతా తెర ముందు రెప్ప వేయకపోవడం వల్ల కళ్లు మండుతుంటే, సాయంత్రం మళ్లీ రెప్ప వేయకుండా కూర్చోవడం ఏం వైద్యం? ఆ చివర్లో వచ్చే కన్నీరు ఉల్లిపాయ కోస్తే వచ్చేలాంటిదే, మంటకు కన్ను ఇచ్చిన జవాబు. దాంతో కంటికి నిలిచే తడి రాదు. పొడికళ్లున్నవాళ్లు దీన్ని పక్కన పెట్టడం మంచిది. ధ్యానం కోసం చేసేవాళ్లు రెప్ప వేస్తూ చేసినా ఫలితం ఏమీ తగ్గదని నా అభిప్రాయం, యోగా మాస్టార్లు ఒప్పుకోకపోవచ్చు.

## పెన్సిల్

దీన్ని విశ్రాంతి అనలేం, ఇది కసరత్తు. చేయి చాచి పెన్సిల్ పట్టుకుని, మొన మీద చూపు నిలిపి, మెల్లగా ముక్కు వైపు తేవాలి. రెండుగా కనిపించిన చోట ఆగి, ఒకటి చేసుకోవడానికి ప్రయత్నించి, మళ్లీ వెనక్కి.

మూడో రకం బాధకు ఇది పనికొస్తుంది, మిగతా మూడింటికీ రాదు. ఈ జాబితాలో గట్టి పరీక్షకు నిలబడ్డ కసరత్తులు ఈ కోవలోనివే, అందులోనూ ఒక మెలిక ఉంది. 2008లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు 221 మందిని నాలుగు జట్లు చేసి 12 వారాలు చూశారు. క్లినిక్‌లో శిక్షణ తీసుకుంటూ ఇంట్లోనూ సాధన చేసిన జట్టులో 73 శాతం మందికి గుణం కనిపించింది. ఇంట్లో పెన్సిల్ మాత్రమే పట్టిన జట్టులో 43. ఉత్తుత్తి శిక్షణ ఇచ్చిన జట్టులో 35. పెన్సిల్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఉత్తుత్తి కన్నా పెద్ద తేడా రాలేదన్నమాట. పాఠం చదువుతుంటే తలనొప్పి అనే పిల్లను 'బద్ధకం' అని కసరకుండా, రెండు కళ్లూ కలుస్తున్నాయో లేదో ఒకసారి చూపించండి.

## వదిలెయ్యదగ్గవి

కళ్లను గుండ్రంగా తిప్పడం, ఎనిమిది అంకె గీయడం: హాని లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదు. రెప్పల మీద నందివర్ధనం పూలు, కీరా ముక్కలు: చల్లగా ఉంటాయి, అంతే. శీర్షాసనం కళ్లకు మంచిదన్న మాట మాత్రం నమ్మకండి. తలకిందులుగా ఉన్నంతసేపు కంటి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది.

సూర్యుణ్ణి చూడటం దగ్గర రాజీ లేదు. రథసప్తమికి అర్ఘ్యం ఇవ్వండి, కంటి బాధలు తీరాలని అరసవల్లి మొక్కుకోండి, రెప్పలు దించుకునే. రెటీనా (కంటి వెనక గోడ మీద బొమ్మ పడే పొర) మధ్యభాగం కాలితే నొప్పి తెలియదు, అక్కడ నొప్పి నరాలు లేవు. చూసే మనిషికి మధ్యలో ఒక మచ్చ మిగులుతుంది.

## మీరు ఎవరు?

రోజంతా తెర ముందు ఉంటే కిటికీ, రెప్ప. ఈ రెండింటికీ వేరే సమయం అక్కర్లేదు. నెల తర్వాత కూడా మంట తగ్గకపోతే రాత్రి కాపడం కలపండి. అయిదు అభ్యాసాలు ఒకేసారి మొదలుపెట్టేవాళ్లు ఒక్కటీ చెయ్యరు.

నలభై దాటి పేపరు దూరం జరుపుతుంటే ఇక్కడ చెప్పినవి ఏవీ మీకోసం కావు. చదువుకునే కళ్లజోడు తెచ్చుకోండి. 'ఒకసారి పెట్టుకుంటే అలవాటైపోతుంది' అన్న భయంతో ఏళ్ల తరబడి తలనొప్పి మొయ్యడం నా చుట్టూ చూస్తూనే ఉన్నాను. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో వరుస కట్టినవాళ్లలో ఎంతోమందికి కావలసింది ఆ జోడే. ఆ వయసులో కంటి ఒత్తిడి కూడా ఒకసారి కొలిపించుకోవాలి, నీటికాసులు చడీచప్పుడు లేకుండా వస్తాయి.

బడి పిల్లలుంటే అభ్యాసాల జోలికి పోకుండా ఆరుబయటికి తోలండి. చైనా బళ్లలో 1963 నుంచి పిల్లలతో కళ్ల చుట్టూ మర్దన చేయిస్తున్నారు, అయినా మైనస్ పిల్లలు ఎక్కువున్న దేశాల్లో అదొకటి. అదే దేశంలో, గ్వాంగ్‌జౌ నగరంలో, ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా బయట తరగతి పెట్టి మూడేళ్లు చూశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. మామూలు బళ్లలో 39.5 శాతం మందికి కొత్తగా మైనస్ వస్తే, బయట తిరిగిన బళ్లలో 30.4 శాతం మందికి వచ్చింది. తైవాన్ 2010 నుంచి బడి పిల్లలకు రోజుకు 120 నిమిషాలు బయటి వెలుతురు లక్ష్యంగా పెట్టుకుంది. పనిచేసేది వెలుతురని ఎక్కువమంది నిపుణుల అంచనా. తరగతి గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురు కొలత) ఉంటే, బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. మే నెల ఎండలో నిలబెట్టక్కర్లేదు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత, వేపచెట్టు కింద గోళీలాడుకున్నా లెక్కే. ఇప్పటికే మైనస్ వచ్చిన పిల్లకు జోడు మానిపించడం, కావాలని తక్కువ నంబరు పెట్టించడం వల్ల లాభం లేదు. బోర్డు మాత్రం కనిపించదు.

పరీక్షల చదువులో ఉంటే, రాత్రింబవళ్లు లైబ్రరీలో గడిపేవాళ్లయితే, ముందు నిద్ర, తర్వాత కిటికీ. నీళ్లు తాగడానికి లేచినప్పుడు వరండాలోకి వెళ్లి రావడం నాలుగు అభ్యాసాల పెట్టు. అరచేతులు మీకు బాగా నప్పుతాయి, లైబ్రరీలో అలా కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరు.

చక్కెర జబ్బు ఉంటే ఏ అభ్యాసం ఎంచుకున్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పించకండి. చూపు బాగానే ఉన్న రోజుల్లోనే లోపల రక్తనాళాలు చెడుతుంటాయి.

## అభ్యాసం మానేసి ఆసుపత్రికి

ఉన్నట్టుండి కంటి ముందు మెరుపులు, నల్లటి నలకల వాన, పక్కనుంచి తెర దించినట్టు నీడ, ఒక కన్ను హఠాత్తుగా మసకబారడం, దీపం చుట్టూ రంగు వలయాలు కనిపిస్తూ కన్ను ఎర్రబడి పోటెత్తడం. వీటిలో ఏది కనిపించినా అరచేతులూ కాపడాలూ వెతుక్కోవద్దు, అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి. రెటీనా చూడటానికి కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు వేస్తారు. తర్వాత కొన్ని గంటలు దగ్గరివి మసగ్గా ఉంటాయి, ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది. నల్లద్దాలు వెంట తీసుకెళ్లండి, తోడుగా ఒకర్ని తీసుకెళ్లండి, స్కూటర్ ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్లండి.